జబ్బు ఎక్కడ దాక్కుంటుంది: మానవ హక్కులు, ప్రజారోగ్యం

(వైద్య విద్యార్థులు, న్యాయ విద్యార్థులు కలిసి జరుపుకున్న సదస్సులో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం.

ఎడమవైపు వైద్య విద్యార్థులు, కుడివైపు న్యాయ విద్యార్థులు కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే అలా విడిపోయారు. (నవ్వులు) నేను మాట్లాడాల్సిన విషయం కూడా దాదాపు ఇదే. డాక్టర్లకు లాయర్ల మీద ఒక అనుమానం ఉంటుంది: జనం పిట్టల్లా రాలిపోతుంటే వీళ్లొచ్చి హక్కులంటారు, స్టే తెస్తారు, పని సాగనివ్వరు అని. లాయర్లకు డాక్టర్ల మీద ఇంకో అనుమానం: చేతికి అధికారం వస్తే చాలు, తెల్లకోటు వేసుకున్న పోలీసులైపోతారని. రెండు అనుమానాలకీ చరిత్రలో ఆధారాలున్నాయి. కానీ రెండింటి వెనకా ఒకే లెక్క ఉంది. ప్రజారోగ్యం, మానవ హక్కులు త్రాసులో చెరోవైపు ఉంటాయి, ఒకటి లేవాలంటే రెండోది దిగాల్సిందే అన్న లెక్క. ఆ లెక్క చాలాసార్లు తప్పని నా వాదన. ఎప్పుడూ తప్పే అనను. నిజంగా పేచీ వచ్చే సందర్భాలున్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ముందు 1900 సంవత్సరానికి వెళ్దాం. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో. ఆ మార్చిలో చైనాటౌన్‌లో ఒక చైనా కార్మికుడు చనిపోయాడు. ప్లేగు అని అనుమానం వచ్చింది. నగర ఆరోగ్య మండలి ఆ పేట చుట్టూ తాళ్లు కట్టించి పోలీసులను నిలబెట్టింది. తెల్లవాళ్లను బయటికి వెళ్లనిచ్చారు, చైనీయులను లోపలే ఉంచారు. కొద్దిరోజులకు ఎత్తేసి, మే నెలాఖరులో మళ్లీ పెట్టారు. ఈసారి సరిహద్దు గీత ఎలా ఉందంటే, మధ్యలో తెల్లవాళ్ల భవనం వస్తే దాన్ని వదిలేసి పక్కకు తిరిగింది. చైనీయులు నగరం దాటి వెళ్లాలంటే హాఫ్‌కిన్ ప్లేగు టీకా వేయించుకోవాలని ఇంకో ఉత్తర్వు. అది చైనీయులకూ, ఇతర ఆసియావాసులకే తప్ప మిగతావాళ్లకు లేదు.

జనం ఏం చేశారు? రోగులను దాచారు. శవాలను కూడా దాచారు. ఆరోగ్య అధికారి తలుపు తడితే ఇంట్లో ఎవరికీ ఏమీ లేదన్నారు. మరోపక్క రాష్ట్ర గవర్నర్, వ్యాపారులు దెబ్బతింటారని, అసలు ప్లేగే లేదని వాదిస్తూ కూర్చున్నాడు. అంటే కిందివాళ్లు భయంతో దాచారు, పైవాళ్లు లాభం కోసం దాచారు. ఎలుకకు ఇంతకన్నా ఏం కావాలి?

విషయం ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. మొదట టీకా ఉత్తర్వును, జూన్‌లో క్వారంటైన్‌ను కోర్టు కొట్టేసింది. న్యాయ విద్యార్థులు ఈ తీర్పును వివక్ష కేసుగా చదువుతారు, నిజమే. కానీ వైద్య విద్యార్థులు దాన్ని ఎపిడెమియాలజీ, అంటే జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చెప్పే శాస్త్రం, పాఠంగా చదవాలి. రోగి ఉన్న ఇంటిని విడిగా ఉంచితే అర్థముంది, వేలాది మందిని రోగంతో కలిపి ఒకే ఆవరణలో బంధిస్తే అది వ్యాధిని ఆపదు, పెంచుతుంది అని జడ్జి చెప్పాడు. హక్కుల దృష్టితో చూసినా, వైద్యం దృష్టితో చూసినా తప్పు ఒక్కచోటే కనిపించింది. ఇది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. వివక్షతో గీసిన గీత సూక్ష్మజీవి గీత కాదు కాబట్టి అది పనిచేయదు, అంతే.

ఇక్కడి నుంచి సుమారు ఎనభై ఏళ్లు దాటేద్దాం. ఈ రంగానికి ఒక రూపం ఇచ్చిన మనిషి గురించి చెప్పాలి. జొనాథన్ మాన్ అమెరికన్ డాక్టర్, ఎపిడెమియాలజిస్టు. 1984లో అప్పటి జైర్ (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) రాజధాని కిన్షాసాకు వెళ్లి ఎయిడ్స్ పరిశోధన ప్రాజెక్టు నడిపాడు. తర్వాత జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎయిడ్స్ కార్యక్రమానికి అధిపతి అయ్యాడు. అప్పటి టెన్షన్ మీ వయసువాళ్లకు ఊహించడం కష్టం. మందు లేదు. పరీక్షలో పాజిటివ్ అంటే మరణవార్తే. అందరికీ బలవంతంగా పరీక్షలు చేయాలి, పాజిటివ్ వచ్చినవాళ్లను వేరుగా బంధించాలి, దేశంలోకి రానివ్వకూడదు అని పార్లమెంట్లలో వాదనలు. అమెరికా 1987లో హెచ్‌ఐవీ ఉన్న విదేశీయుల ప్రవేశాన్ని నిషేధించింది. ఆ నిషేధం 2010 జనవరి దాకా ఉంది. దాని వల్ల 1992 అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభను బోస్టన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు మార్చాల్సి వచ్చింది. ఎయిడ్స్ మీద సభ పెడుతూ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు లోపలికి రాకూడదంటే ఎలా?

మాన్ బృందం చెప్పింది చాలా సూటిగా ఉంటుంది. పరీక్షకు వస్తే ఉద్యోగం పోతుందని, ఇల్లు ఖాళీ చేయిస్తారని, జైలో, రోగులను విడిగా ఉంచే శానటోరియమో తప్పదని తెలిస్తే ఎవరొస్తారు? రాకపోతే వాళ్లకు వైద్యమూ అందదు, సలహా అందదు, సంక్రమణ ఎక్కడ జరుగుతోందో మనకూ తెలియదు. కాబట్టి వివక్షను అరికట్టడం అంటే రోగుల మీద జాలి చూపడం కాదు, అది వ్యాధి నియంత్రణలో భాగం. 1988లో ప్రపంచ ఆరోగ్య సభ, అంటే ఆ సంస్థ సభ్య దేశాల సభ, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల పట్ల వివక్ష వద్దని తీర్మానం చేసింది. ఒక మహమ్మారి విషయంలో హక్కులను వ్యూహంలోనే పెట్టడం అదే మొదలు అనొచ్చు.

నా వాదనకు ఇబ్బంది కలిగించే ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే మీలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. క్యూబా. 1986 నుంచి ఆ దేశం హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను శానటోరియంలలో ఉంచింది. అక్కడ ఇన్‌ఫెక్షన్లు తక్కువగానే ఉన్నాయి. బంధించబట్టే తగ్గిందని చెప్పేవాళ్లున్నారు. అయితే అది ద్వీపం, ఇంటింటికీ వెళ్లే ఉచిత వైద్య వ్యవస్థ ఉంది, రక్త పరీక్షలు ముందే మొదలుపెట్టారు. ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం తేలిక కాదు. 1990ల్లో తప్పనిసరి నివాసాన్ని సడలించారు. ఆ తర్వాత కూడా ఆ ప్రాంతంలోని చాలా దేశాల కన్నా అక్కడ హెచ్‌ఐవీ తక్కువే. తలుపులు తెరిచాక కూడా పరిస్థితి చేయి దాటలేదంటే, తాళమే అంతా చేసిందని అనలేం.

మాన్ అక్కడితో ఆగలేదు. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్‌తో పడక రాజీనామా చేసి హార్వర్డ్‌కు వెళ్లాడు. అక్కడ ఆయన ఆలోచన ఇంకో మెట్టు దిగింది. లోతుకు దిగిందని నా ఉద్దేశం. తూర్పు ఆఫ్రికాలో పెళ్లైన స్త్రీల సంగతి ఆయన తరచూ ఎత్తేవాడు. వాళ్లకు ఎయిడ్స్ గురించి తెలుసు. మార్కెట్లో కండోమ్‌లు ఉన్నాయి. అయినా భర్తను కాదనలేరు. కాదంటే కొడతాడు, లేదా విడాకులిస్తాడు. విడాకులైతే ఆస్తి రాదు, నిలబడడానికి నీడ ఉండదు. అలాంటప్పుడు ఇంకో లక్ష పోస్టర్లు వేసి ఏం లాభం? ఆమెకు కావాల్సిన నివారణ చర్య వివాహ చట్టంలో ఉంది, ఆస్తి చట్టంలో ఉంది. వైద్య విద్యార్థులకు ఇది కాస్త చిరాకు తెప్పించే మాటే. మన పుస్తకాల్లో ఆస్తి హక్కు అనే మందు లేదు.

1998 సెప్టెంబరు 2న స్విస్ఎయిర్ 111 విమానం కెనడా తీరాన సముద్రంలో కూలింది. మాన్, ఆయన భార్య, టీకా శాస్త్రవేత్త మేరీ లూ క్లెమెంట్స్-మాన్, ఇద్దరూ అందులోనే ఉన్నారు.

నిజానికి ఆయన కన్నా నూట యాభై ఏళ్ల ముందే ఇలాంటి మాట విన్నాం. 1848లో ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యంలోని అప్పర్ సైలీషియా ప్రాంతంలో టైఫస్ అనే, పేల వల్ల వ్యాపించే జ్వరం ప్రబలితే ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కోను పంపింది. కణ సిద్ధాంతంలో మీరు చదివే విర్కోయే. అప్పటికి ఆయన వయసు 26. మందుల జాబితా వస్తుందని ప్రభుత్వం ఎదురుచూసింది. ఆయన నివేదికలో ప్రజాస్వామ్యం కావాలి, చదువు కావాలి, పోలిష్ మాట్లాడే ఆ జనానికి వాళ్ల భాషలో పాలన కావాలి అని రాశాడు. పై అధికారులు ఎంత సంతోషించి ఉంటారో ఊహించుకోండి. (నవ్వులు)

ఒప్పందాల సంగతి క్లుప్తంగా చెప్తాను, అవి మీ సిలబస్‌లో ఉన్నాయి. 1946లో ఆమోదించి 1948 ఏప్రిల్ 7న అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం, అందుకోగలిగినంత ఉన్నతమైన ఆరోగ్యం ప్రతి మనిషి ప్రాథమిక హక్కు అంది. అదే ఏడాది డిసెంబరులో విశ్వ మానవ హక్కుల ప్రకటన, అందులో ఆరోగ్యం గురించి 25వ అధికరణం. 1966లో ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక, అందులో ఆరోగ్య హక్కు 12వ అధికరణం. దాన్ని అమెరికా 1977లో సంతకం చేసి ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. 2000లో ఆ ఒడంబడిక కమిటీ 14వ సాధారణ వ్యాఖ్య, అంటే ఆ అధికరణానికి వివరణ, ఇచ్చింది. నా ఉద్దేశంలో పనికొచ్చే పత్రం అదే. మిగతావి మంచి మాటలు చెప్తాయి, ఇది ప్రభుత్వాన్ని ఏం అడగాలో చెప్తుంది. సేవ ఉందా, అందరూ చేరుకోగలరా, మనుషులను గౌరవించేలా ఉందా, నాణ్యత ఉందా. ఆస్పత్రి ఉండి డాక్టరు లేకపోయినా, డాక్టరు ఉండి ఫీజు మోయలేకపోయినా, ఫీజు లేక తిట్లు మాత్రం దొరికినా హక్కు అందనట్టే.

సరే, హక్కు అన్నాక డబ్బెవరిస్తారు? ఇది అసలు ప్రశ్న. దీనికి దక్షిణాఫ్రికా కన్నా మంచి బడి లేదు. అక్కడ 1996 రాజ్యాంగం 27వ సెక్షన్‌లో ఆరోగ్య సేవలు పొందే హక్కు రాసుకున్నారు. ఏడాదికే పరీక్ష వచ్చింది. డర్బన్‌లో 41 ఏళ్ల నిరుద్యోగి, మధుమేహం, గుండె జబ్బు, రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ కావాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో యంత్రాలు తక్కువ, అందుకే కిడ్నీ మార్పిడికి అర్హులైనవాళ్లకే దీర్ఘకాల డయాలసిస్ అని నియమం పెట్టుకున్నారు. గుండె జబ్బు వల్ల ఆయన అర్హుడు కాదు. ఆయన రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాడు, 1997 నవంబరులో ఓడిపోయాడు. ఉన్న యంత్రాలను ఎవరికి వాడాలో నిజాయితీగా, అందరికీ ఒకేలా నిర్ణయించారు, అందులో మేం జోక్యం చేసుకోం అని కోర్టు చెప్పింది. కొద్దికాలానికే ఆయన చనిపోయాడు.

ఈ కేసు చెప్పినప్పుడల్లా క్లాసులో రెండు వర్గాలవుతాయి. నేను కోర్టు వైపే. మనసుకు కష్టంగా ఉన్నా సరే. హక్కు అంటే అడిగిన ప్రతి చికిత్సా అడిగిన రోజున దొరకడం కాదు. లేనిదాన్ని ఎలా పంచారన్నదానికి జవాబు చెప్పించే శక్తి.

ఇప్పుడు రెండో కేసు చూడండి. నెవిరపిన్ అనే మందు. ప్రసవ సమయంలో తల్లికి ఒక మోతాదు, పుట్టాక బిడ్డకు ఒక మోతాదు ఇస్తే బిడ్డకు హెచ్‌ఐవీ సోకే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని యుగాండాలో జరిగిన పరిశోధనలో తేలింది. తయారీ కంపెనీ ఐదేళ్లపాటు ఉచితంగా ఇస్తానంది. అయినా అప్పటి దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఒక్కో ప్రావిన్సుకు రెండే కేంద్రాల్లో ఇస్తామంది. దేశాధ్యక్షుడు తాబో ఎంబెకి ఎయిడ్స్‌కు కారణం హెచ్‌ఐవీయేనా అని సందేహాలు లేవదీస్తున్న కాలం అది. మిగతా ప్రభుత్వ ఆస్పత్రుల్లో డాక్టర్లున్నారు, మందు ఉచితం, గర్భిణులు వరుసలో ఉన్నారు, కానీ ఇవ్వడానికి అనుమతి లేదు. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంస్థ కోర్టుకెళ్లింది. హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లే నడిపిన సంస్థ అది. 1998లో మానవ హక్కుల దినం నాడే మొదలైంది. 2002 జులై 5న అదే రాజ్యాంగ న్యాయస్థానం, ఆంక్షలు ఎత్తేయండి, వైద్యపరంగా అవసరమైన ప్రతిచోటా ఇవ్వండి అని ఆదేశించింది.

రెండు తీర్పులూ ఒకే సెక్షన్ మీద, ఒకే కోర్టులో వచ్చాయి. మొదటిదానిలో వనరు లేదు, కారణం ఉంది. రెండోదానిలో వనరు ఉంది, కారణం లేదు. ఎయిడ్స్ మందుల అమలు ఆలస్యం వల్ల 2000 నుంచి 2005 మధ్య ఆ దేశంలో 3,30,000కు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు. అది ప్రకృతి వైపరీత్యం కాదు, విధాన నిర్ణయం.

మందుల ధర సంగతి కూడా అదే దేశంలో తేలింది. చౌక మందులకు దారి తెరిచే చట్టం చేస్తే 39 ఫార్మా కంపెనీలు ప్రభుత్వం మీద దావా వేశాయి. 2001 ఫిబ్రవరిలో సిప్లా అనే భారతీయ మందుల కంపెనీ మూడు ఎయిడ్స్ మందుల కలయికను స్వచ్ఛంద సంస్థకైతే ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. అప్పటికి సంపన్న దేశాల్లో దాని ధర పది వేల డాలర్ల పైమాట. అంత తేడా బయటపడ్డాక పేటెంట్ గురించి ఎంత గంభీరంగా మాట్లాడినా జనం వింటారా? ఏప్రిల్‌లో కంపెనీలు దావా ఉపసంహరించుకున్నాయి. నవంబరులో దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు, మేధో హక్కుల ఒప్పందం ప్రజారోగ్యాన్ని కాపాడుకోవడానికి అడ్డు కాకూడదని ప్రకటించాయి. ఆ తర్వాత కోవిడ్‌లో ఏం జరిగిందో మీరే చూశారు. టీకాలు, మందులు, పరీక్షల మీద మేధో హక్కులను తాత్కాలికంగా పక్కన పెడదామని భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో ప్రతిపాదించాయి. 2022 జూన్ దాకా చర్చలు సాగి, చివరికి టీకాలకే పరిమితమైన, చాలా పలచబడిన నిర్ణయం వచ్చింది. టీకా కావాల్సిన సమయం అప్పటికే దాటిపోయింది.

ఇక నిజమైన పేచీ దగ్గరికి వద్దాం. మందుకు లొంగని టీబీ ఉన్న వ్యక్తి చికిత్స ఒప్పుకోకుండా జనంలో తిరుగుతున్నాడు. ఏం చేస్తారు? ఇక్కడ అతని స్వేచ్ఛ, మిగతావాళ్ల ఆరోగ్యం రెండూ ఒకేసారి గెలవవు. 1984లో ఇటలీలోని సిరాక్యూజాలో న్యాయ నిపుణులు కూర్చుని దీనికి కొన్ని నియమాలు రాశారు. ఆంక్షకు చట్టం ఉండాలి, ఉద్దేశం న్యాయమైనదై ఉండాలి, నిజంగా అవసరమై ఉండాలి, అంతకన్నా తేలికైన మార్గం లేదని తేలాలి, వివక్ష ఉండకూడదు. వీటిలో జనం ఎక్కువగా మరిచిపోయేది తేలికైన మార్గం సంగతి. ఆ టీబీ రోగి చికిత్స వద్దనడానికి కారణం కూలి పోతుందన్న భయం అయితే, ముందు కూలి ఇచ్చి చూడాలి. బంధించడం చిట్టచివరి మాట, మొదటి మాట కాదు.

2014 ఆగస్టులో లైబీరియా రాజధాని మన్రోవియాలో ఇది తలకిందులైంది. వెస్ట్ పాయింట్ అనే మురికివాడను ఎబోలా పేరుతో సైన్యం చుట్టుముట్టింది. వేలాది మందికి తిండి, పని లేవు. గొడవలయ్యాయి, సైనికులు కాల్పులు జరిపారు, ఒక బాలుడు చనిపోయాడు. పది రోజులకు క్వారంటైన్ ఎత్తేశారు. మరి ఏది పనిచేసింది? ఒక ఉదాహరణ శవసంస్కారం. మొదట్లో రక్షణ దుస్తులు వేసుకున్న బృందాలు వచ్చి శవాన్ని సంచీలో వేసుకుని వెళ్లిపోయేవి. కుటుంబం దగ్గరికి రాకూడదు, ప్రార్థన లేదు. దాంతో జనం రహస్యంగా పాతిపెట్టడం మొదలుపెట్టారు. ఎబోలా శవం నుంచి తేలిగ్గా సోకుతుంది. ఆ ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గౌరవంగా, సురక్షితంగా ఖననం చేసే పద్ధతిని ప్రకటించింది. కుటుంబాన్ని కలుపుకోవాలి, వాళ్ల మతాచారం ప్రకారం ప్రార్థన జరగాలి, సమాధి మీద పేరు ఉండాలి. అక్కడ గౌరవం కూడా ఒక రక్షణ పరికరమే.

చెప్పేవాణ్ని శిక్షించడం గురించి కూడా ఒక మాట. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల వ్యాధి తీవ్రతను దాస్తున్నారని బీజింగ్‌లో విశ్రాంత సైనిక సర్జన్ జియాంగ్ యాన్‌యోంగ్ మీడియాకు లేఖ రాశాకే నిజం బయటికొచ్చింది. 2020 జనవరిలో ఊహాన్‌లో లీ వెన్‌లియాంగ్ అనే కళ్ల డాక్టరు తోటి డాక్టర్లను హెచ్చరించినందుకు పోలీసులు మందలించి సంతకం పెట్టించుకున్నారు. ఫిబ్రవరి 7న ఆయన కోవిడ్‌తోనే చనిపోయాడు. దేశాల మధ్యా ఇదే తంతు. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ అనే కొత్త కోవిడ్ రకం గురించి వెంటనే ప్రపంచానికి చెప్పారు. బహుమతిగా రెండు మూడు రోజుల్లో విమానాలు ఆగిపోయాయి. భావప్రకటన స్వేచ్ఛ వ్యాధి నిఘా వ్యవస్థలో భాగం అని నేనంటే కొందరు అతిశయోక్తి అంటారు. ఈ మూడు సంఘటనలు చూసి మీరే చెప్పండి.

హక్కుల దారిలోనూ లోపాలున్నాయి, దాచను. బ్రెజిల్ 1988 రాజ్యాంగం ఆరోగ్యం అందరి హక్కు, ప్రభుత్వ బాధ్యత అంది. ఖరీదైన మందుల కోసం లక్షల్లో కేసులు పడ్డాయి. లాయరును పెట్టుకోగలిగినవాళ్లకే మందు దొరికి, టీకా కేంద్రానికీ మంచినీళ్లకూ వెళ్లాల్సిన డబ్బు అటు మళ్లుతోందన్న విమర్శ ఉంది. ఆ విమర్శలో బలముంది. మరోపక్క అదే బ్రెజిల్‌లో 2002లో ఒక గర్భిణి, 28 ఏళ్ల నల్లజాతి యువతి, సకాలంలో వైద్యం అందక, పెద్ద ఆస్పత్రిలో గంటల తరబడి వరండాలో పడి ఉండి చనిపోయింది. ఆమె తల్లి కేసును ఐక్యరాజ్యసమితి మహిళా వివక్ష నిర్మూలన కమిటీ దాకా తీసుకెళ్లింది. 2011లో ఆ కమిటీ దేశాన్ని తప్పుపట్టింది. ప్రసూతి మరణాన్ని హక్కుల ఉల్లంఘనగా అంతర్జాతీయ కమిటీ తేల్చిన మొదటి సందర్భం అది. కాబట్టి మేలు జరుగుతుందా లేదా అన్నది కోర్టు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే ఉంటుంది.

సమయం అయిపోతోందంటున్నారు. ఒక ప్రశ్న తీసుకుందాం.

(ఒక వైద్య విద్యార్థిని: సార్, రేపు ఇంకో మహమ్మారి వస్తే, నేను జిల్లా స్థాయి అధికారిగా ఉంటే, ఇవన్నీ ఆలోచించే టైమ్ ఉండదు కదా. మొదట ఏం చేయాలి?)

మంచి ప్రశ్నమ్మా. టైమ్ ఉండదు కాబట్టే ముందే రాసిపెట్టుకోవాలి. నీ ఉత్తర్వులో మొదటి లైన్‌లోనే ముగింపు తేదీ ఉండాలి. ఫలానా రోజున మళ్లీ సమీక్షిస్తాం అని. తేదీ లేని ఆంక్ష దానంతట అది ఎప్పటికీ పోదు. ఇంట్లో ఉండమన్న ప్రతి కుటుంబానికీ తిండి, మందులు, పోయిన కూలి ఎవరిస్తారో అదే కాగితంలో రాయాలి. అది రాయలేకపోతే ఆ ఆంక్ష పెట్టడానికి నువ్వింకా సిద్ధంగా లేవన్నమాట. పేరు పెట్టి ఏ పేటనీ, ఏ మతాన్నీ, ఏ వలస గుంపునీ ప్రెస్‌మీట్‌లో అనకూడదు. రోగుల పేర్లు బయటపెట్టకూడదు, లెక్కలు మాత్రం రోజూ బయటపెట్టాలి. మనవాళ్లు సాధారణంగా దీనికి సరిగ్గా ఉల్టా చేస్తారు. (నవ్వులు) ఇంకొకటి, నీ నిర్ణయం తప్పని ఎవరైనా చెప్పుకోవడానికి ఒక ఫోన్ నంబరు, దానికి జవాబిచ్చే మనిషి ఉండాలి. ఆ మనిషి నీ కింద పనిచేసేవాడు కాకూడదు. అందుకు అటు కుడివైపు కూర్చున్నవాళ్లలో ఒకరిని ఇప్పుడే పరిచయం చేసుకో. టీ బయట పెట్టారట, వెళ్దాం పదండి.